గంగమ్మకిచ్చిన ఇత్తడి బందు

బాపూ, నిన్న ఫోన్ల “దుకాణం ఉండంగ ఆన్‌లైన్ల కొనుడేందిరా శ్యామూ, కొవ్వెక్కిందా?” అని తిట్టి కట్ జేసినవ్. పొద్దున్నుంచి ఎత్తుతలేవ్. గందుకే కార్డు రాస్తున్న, దీన్ని సగంల కట్ జెయ్యరాదు.

మా పడవ చుక్కానిని పట్టుకునే ఇత్తడి బందు ఇరిగితే, మొదలు కరీంనగర్‌ల పడవ సామాన్ల దుకాణానికే పోయిన. అంబదాస్ సేటు “చుక్కాని బందులు శాన రకాలుంటయ్, పాత ముక్క తే, కొలిచి ఇస్త” అన్నడు. ఏడికెల్లి తేవాలె? మొన్న నువ్వు నేను పనిజేసే డ్యాం కాడికొచ్చి, పడవల ఇరిగిన ముక్క గంగమ్మకే ఇయ్యాలె అని మొక్కి నీళ్లల్ల ఏసిపోతివి! అందాజగ ఆన్‌లైన్ల తెప్పిస్తే వేలు దూరేంత వదులున్నది. తెరచాప పడవ ఒడ్డుకే పడున్నది. వచ్చే నెల పిల్లలు పడవ నడుపుడు నేర్సుకోను వస్తరు, గప్పటికి నడువకుంటె మా ఓనరు నన్ను పనిలకెల్లి తీసేస్తనంటుండు.

ఆ బందును ఆఖరికి చేతవట్టింది నువ్వే. నీ అరచెయ్యి కాయితం మీద పెట్టి, అది ఏడిదాక వచ్చిందో గీసి జల్ది పంపు.

అవ్వ మోకాళ్లు ఎట్లున్నయ్? బర్రె ఈనిందా? అవ్వకు దండాలు, నీగ్గూడ. ఓనరు ఒర్లుతుండు, పోవాలె.