చూడి పందికి ఆవ చెక్క

తమ్ముడూ,

కోపం తెచ్చుకోకుండా చదువు. సోయా చెక్క దొరక్క, చూడి పందుల దాణాలో నూనె తీసేసిన ఆవాల చెక్క కలిపాను. "అది చేదు, అవి ముట్టవు, ఈతకి పిల్లలు తగ్గిపోతాయి" అని ఆపరేషన్‌కి వెళ్తూ కూడా అరిచావుగా, గుర్తుంది. అందుకే పశువుల డాక్టర్ని అడిగి, ఘాటు తక్కువ రకం తెప్పించి, మొదట తొట్టికి పిడికెడే వేశాను. తర్వాత కొంచెం కొంచెం పెంచాను.

అన్నీ తిన్నాయి, నీ ముద్దుల ముసలిది తప్ప. మూతితో తొట్టి బోర్లించి నావైపు చూసింది. అచ్చం నీ చూపే. ఈనబోయేది పస్తుంటే కడుపులో పిల్లలేం కావాలి? బతిమాలాను, తిట్టాను, చివరికి దాన్ని ఒక తిండిపోతు పంది పక్కకు మార్చాను. అది గబగబా మేస్తుంటే చూసి చూసి, ఇదీ మూతి పెట్టింది. నిన్న ఈనింది. పిల్లలన్నీ బొద్దుగా ఉన్నాయి.

ఇక అసలు సంగతి. ఆస్పత్రి జావ చప్పగా ఉందని గిన్నె తోసేస్తున్నావట, మరదలు ఏడుస్తూ చెప్పింది. రేపు వస్తున్నాను. నీ పక్కనే కూర్చుని నేనూ ఆ జావే తాగుతాను.

మీ అక్క