కొలతల పేజీ ఏమైంది?

ప్రియమైన తమ్ముడికి,

ఫోన్లో అయితే నన్నో మాట పూర్తి చేయనివ్వవు. అందుకే రాస్తున్నాను, నోరు మూసుకుని చదువు.

మన బూట్ల షాపు వెబ్‌సైటును కొత్తగా చేయించాను. నువ్వు కట్టిన పాతదాన్ని చూస్తే నాకే జాలేసేది, ఏమీ అనుకోకు. ఈ డిజైనర్ పిల్ల చురుకైనది. ఎక్కడెక్కడి సైట్లలోనో మన షాపు లింకు పెట్టించి, సైటు పరపతిని లెక్కగట్టే అథారిటీ స్కోరును వందకు తొమ్మిది నుంచి ఇరవై ఆరుకు తెచ్చింది. నేను ఎగిరి గంతేశాను.

కానీ ఒరేయ్, ఫోను మోగడం లేదు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకు సోలు ఎత్తు పెంచి కుడతాను కదా, వాళ్లెవరూ రావడం లేదు. ఆ పని లేకపోతే ఇక నేనెందుకు? బూట్ల ఫ్యాక్టరీవాళ్లు సూపర్‌వైజరుగా రమ్మంటున్నారు. నెలాఖరుకల్లా చెప్పాలి. షాపు మూసేద్దామనుకుంటున్నాను. మిషన్ ముందు కూర్చుంటే ఏడుపొస్తోంది.

మరదల్ని అడిగానని చెప్పు.

నీ అక్క

*

ప్రియమైన అక్కా,

నోరు మూసుకునే చదివాను. ఇప్పుడు నువ్వు మూసుకో.

ఆ ఇరవై ఆరు మొత్తం సైటుది. ఒక్కో పేజీకి విడిగా ఇంకో స్కోరు ఉంటుంది. 'ఇంటిపేరు కస్తూరివారు, ఇంటినిండా గబ్బిలాల కంపు' అని అమ్మ అనేది గుర్తుందా? సైటు స్కోరు ఆ ఇంటిపేరు లాంటిది. మంచిదే, కానీ ఇంట్లో ప్రతివాడికీ దానివల్ల పిల్లనివ్వరు. పైగా ఈ రెండు స్కోర్లూ లింకుల్ని చూసి బయటి కంపెనీలు వేసే అంచనాలే. సెర్చ్ ఇంజిన్ ఇచ్చే మార్కులు కావు.

మనకు బరువున్న పేజీ ఒక్కటే ఉండేది. పొట్టికాలి కింద పలకలు పేర్చి, నడుము సమంగా వచ్చాక వాటి ఎత్తు కొలవాలని నువ్వు చెబుతుంటే నేను రాసింది. ఫిజియోథెరపిస్టులు, పిల్లల తల్లులు లింకులిచ్చింది ఆ పేజీకే, మన షాపు ముఖం చూసి కాదు. అదేమైందో ఆ అమ్మాయినడుగు. అంతవరకూ ఫ్యాక్టరీకి మాటివ్వకు, నీకు దణ్ణం పెడతాను.

నీ తమ్ముడు

*

ఒరేయ్ తమ్ముడూ,

నా కొంప నేనే ముంచుకున్నాను. పేజీ ఉంది, చిరునామా మారింది. పాత లింకు నొక్కితే 'పేజీ లేదు' అని వస్తోంది. చిరునామాలు చక్కగా, పొట్టిగా ఉండాలని ఆ పిల్ల అడిగితే, సరే కానీయమన్నది నేనే. పాత చిరునామాకు వచ్చినవాళ్లను కొత్తదానికి మళ్లించడం తను మర్చిపోయింది. కొత్త చిరునామాకేమో ఒక్క లింకూ లేదు, ఇక వెతికితే మాత్రం ఎక్కడ దొరుకుతుంది?

తిడదామని నోరు తెరిచాను. అది ముందే ఏడ్చేసింది. టీ ఇచ్చి కూర్చోబెడితే, తాగకుండానే పాత లింకును కొత్త చిరునామాకు మళ్లించి వెళ్లింది.

వారం గడిచింది. ఫోను మాత్రం ఉలుకూ పలుకూ లేదు. సోమవారం ఫ్యాక్టరీకి సరేనని చెప్పేస్తాను. నువ్వేమీ అనకు.

అక్క

*

ప్రియమైన తమ్ముడికి,

నిన్న షాపు తీస్తుంటే ఒకావిడ ఆరేళ్ల పాపతో వచ్చి నిలబడింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మీరు ఉన్నారా?" అంది.

"ఉన్నానమ్మా, పొద్దున్నే ఏంటా మాట!" అన్నాను.

పిల్లకు వైద్యం చేసే ఫిజియోథెరపిస్టు మన పేజీ లింకే ఇచ్చారట. నొక్కితే ఏమీ రాకపోయేసరికి కొందరు షాపు ఎత్తేశాననుకున్నారట, ఇంకొందరు నేను పోయాననే అనుకున్నారట. ఆవిడ మాత్రం అప్పుడప్పుడూ నొక్కుతూనే ఉందట. మొన్న పేజీ తెరుచుకుంటే, ఫోను చేస్తే ఎవరైనా 'ఆవిడ లేరు' అంటారేమోనని భయపడి నేరుగా వచ్చేసింది.

చూడరా, నా పని ఎవరికీ అక్కర్లేదని నేనిక్కడ కుమిలిపోతుంటే, నేనే లేనని వాళ్లక్కడ దిగులుపడుతున్నారు.

ఫ్యాక్టరీకి రానని చెప్పేశాను. సైటు స్కోరు ఎంతుందో చూడలేదు, నువ్వూ చెప్పకు. పాప పొట్టికాలి మునివేళ్ల మీద నడుస్తోంది, ఎల్లుండికల్లా బూటు కుట్టివ్వాలి. ఉంటాను.

నీ అక్క