పాతదీ కొత్తదీ

నారాయణఖేడ్,
జులై 6, 2003

చిరంజీవి సైమన్‌కు,

ప్రభువు దయవల్ల నేనూ మా అక్క, మీ పెద్దమ్మ సత్తెమ్మా బాగున్నాం. గది ఖాళీ చేసేటప్పుడు నువ్వు నాకు అప్పగించిన ఉప్పునీళ్ల అద్దాల తొట్టి కూడా బాగుంది. అందులోని నీలం డామ్సెల్ చేప బొటనవేలంత కూడా లేదు గానీ, దాని రౌడీతనం లారీ అంత ఉంది. తొట్టి తుడుద్దామని చేయి పెడితే వచ్చి కొరుకుతోంది. ఇన్నేళ్లు డిపోలో బస్సు నడిపినవాణ్ని, నాకే దారి ఇవ్వడం లేదు.

అసలు సంగతి వేరే. ఇంకో తోడును తెద్దామని ఉంది. ఎవరో రాయడానికి సిగ్గేస్తోంది. ఉన్నదానితోనే నా భయమంతా. ఇన్నాళ్లూ అంతా తన రాజ్యమే కదా, పక్కన ఇంకొకరు కనబడితే ఓర్వదు. ఇద్దరినీ ఎలా కలపాలి? పట్నంలో ఉన్నవాడివి, ఉపాయం చెప్పు.

ఇట్లు,
మీ మామ సంగయ్య

తా.క. ఫోన్ చేయకు. మనింట్లో ఫోన్ ఎత్తేది మీ పెద్దమ్మే.

*

హైదరాబాద్,
జులై 14

మామకు వందనాలు.

నీ ఉత్తరం చదివి సంతోషపడ్డాను. చేపల దుకాణంలో నాకు రోజూ ఇదే పని. డామ్సెల్ జాతంతా ఇంతే, తన చోటు అనుకున్నదాన్ని వదలదు. ముందు పాతదాన్ని తీసి కొన్నాళ్లు వేరేచోట ఉంచు. అది లేనప్పుడు లోపలి రాళ్లన్నీ అటూ ఇటూ జరుపు. కొత్తదాన్ని ముందు దించు, పాతదాన్ని తర్వాత తెచ్చి వదులు. చోటు గుర్తుపట్టలేక తికమక పడుతుంది, కొట్లాట తగ్గుతుంది. మేత కొంచెం ఎక్కువ వెయ్యి. కడుపు నిండితే కోపం తక్కువ.

నీ అల్లుడు,
సైమన్

తా.క. వేరే ఉంచినప్పుడు పైన మూత పెట్టడం మరిచిపోకు. ఎగిరి బయటపడుతుంది.

*

నారాయణఖేడ్,
ఆగస్టు 2

చిరంజీవి సైమన్‌కు,

నువ్వు రాసినట్టే చేశాను. పాతదాన్ని నాలుగు రోజులకని కంగ్టి ఊరి బస్సు ఎక్కించాను. కిటికీ పక్క సీటు ఇప్పించాను. మనింట్లో రాళ్లంటే రోలూ, బట్టలుతికే బండా తప్ప లేవు. వాటితో పాటు మంచం, బీరువా కూడా జరిపి నడుము పట్టించుకున్నాను.

కొత్తామెను ఆదివారం ప్రార్థన అయ్యాక భోజనానికి పిలిచాను. మాంసం కూర తనే వండింది. అంతలో పాతది బస్సు దిగి నేరుగా ఇంట్లోకొచ్చింది. బీరువా ఉండాల్సిన చోట మంచం చూసి, "ఏందిరా గిది? ఎవల ఇంటికొచ్చిన నేను?" అని గుమ్మంలోనే నిలబడిపోయింది. నువ్వు చెప్పిన తికమక నిజంగానే పనిచేసింది! మేత కూడా ఎక్కువే పెట్టాను, రెండుసార్లు వడ్డించుకుంది. కానీ ఒక్క మాట మాట్లాడలేదు. కొత్తామె ముఖం చిన్నబోయింది. ఇప్పుడేం చేయాలి?

ఇట్లు,
మీ మామ సంగయ్య

తా.క. మూత పెట్టడం నావల్ల కాలేదు.

*

హైదరాబాద్,
ఆగస్టు 9

మామకు వందనాలు.

ఉత్తరం చదివినప్పటి నుంచి పరేషాన్‌గా ఉంది. చేపను బస్సెక్కించావా? కిటికీ పక్కనా? అది వంట చేయడమేమిటి, మాట్లాడకపోవడమేమిటి? ఉప్పునీళ్లలో మాంసం కూర వేస్తే తొట్టంతా కుళ్లిపోతుంది మామా!

నువ్వు ఒంటరిగా ఆలోచించి ఆలోచించి ఇలా అయ్యావేమో. జల్దీ దవాఖానకు వెళ్లు. అక్కడ గ్రేసమ్మ అని మంచి నర్సు ఉంది. ఆమె దగ్గర సిగ్గుపడకుండా మనసులో ఉన్నదంతా చెప్పు.

నీ అల్లుడు,
సైమన్

తా.క. పెద్దమ్మను వెంట తీసుకుపో.

*

నారాయణఖేడ్,
ఆగస్టు 20

ఒరే సైమన్,

నువ్వు చేపల గురించి రాస్తున్నావని నాకేం తెలుసు? నేను మీ పెద్దమ్మ గురించి రాశాను! కొత్తామె గ్రేసమ్మే. నీ ఉత్తరం ఆమెకే చూపించాను. డ్యూటీలో ఉన్నానని కూడా మరచి, నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది.

నీ మాట ప్రకారం మీ పెద్దమ్మను వెంటబెట్టుకుని పోయి, గ్రేసమ్మ ముందే అక్కకు మనసులో ఉన్నదంతా చెప్పేశాను. తిడుతుందని తల వంచుకున్నాను. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"గిది ముందే చెప్పొద్దారా? మొన్న నువ్వు పంపినప్పుడు కంగ్టిల ఆడపిల్లల హాస్టల్ల వంటకు రమ్మని నన్ను అడిగిన్రు. గా పిల్లలు అవ్వా అవ్వా అని నా ఎంబడే తిరిగిన్రు. నాకు పోవాలనే ఉండె. నేను పోతే నీకు బువ్వ ఎవలు పెడ్తరని నోరు మూసుకొని ఉన్న."

"మరి ఆ రోజు మాట్లాడకపోతివి?" అన్నాను.

"కూర ఎట్లున్నదో చూస్తున్న. ఉప్పు కారం సక్కగనే ఏసింది. ఇగ నాకు రంది లేదు." గ్రేసమ్మ చేయి పట్టుకుని అంది, "నీ కోసం పోతున్ననని అనుకోకు పిల్లా. నా కోసమే పోతున్న."

వచ్చే నెల చర్చిలో పెళ్లి. తోడు పెళ్లికొడుకువి నువ్వే. సెలవు పెట్టుకుని రా.

ఇట్లు,
మీ మామ సంగయ్య

తా.క. తొట్టిలో ఇంకో చేపను వేయలేదు, వేయను కూడా. మీ పెద్దమ్మ బస్సుకు పోయే ముందు దానికి మేత వేయబోతే వేలు కొరికింది. వేలు దులుపుకుని మురిసిపోతూ, "గిది మాత్రం మన ఇంటి ఆడబిడ్డనే. దీన్ని యాడికి పంపకుండ్రి" అని చెప్పి బస్సెక్కింది.