చింతపండుతో తోమిన రైఫిల్

దసరా మర్నాడు, పడుకునే ముందు

ఇవాళ అన్నం సహించింది.

నిన్న ఆయుధపూజకని అమ్మ ఇత్తడి సామానుతో పాటు నా పాత రైఫిల్‌ను కూడా చింతపండుతో తోమింది. పైగా దాని కర్ర భాగమంతా పసుపు పూసింది. సైన్యం వాడి వేలంలో అమ్మేసిన రైఫిల్ అది. ఒకప్పుడు పాత ఇనుమని ఎవరూ చూసేవారు కాదు. ఇప్పుడు సేకరించేవాళ్లు పోటీ పడుతున్నారు. కానీ పాతదనం చెరగకూడదు. కర్ర మీది సైన్యం ముద్ర పోతే ధర కూడా పోయినట్టే. పసుపు తుడిచి చూసుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఇవాళ లైసెన్సు జేబులో పెట్టుకుని, రైఫిల్‌ను సంచిలో వేసుకుని, ఆబిడ్స్‌లో రహీంభాయ్ తుపాకుల దుకాణానికి వెళ్లాను. ఆయన నూనెగుడ్డతో పసుపు మెల్లగా తుడుస్తుంటే నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ నిలబడ్డాను.

"ముద్ర గట్లనే ఉన్నది సాబ్. అమ్మగారు వెనక ఇత్తడి పట్టీ ఒక్కటే తోమిన్రు. ఫికర్ చెయ్యకున్రి, ఇత్తడి దానంతట అదే నల్లబడతది."

"ఎన్ని దినాలు పడతది భాయ్?"

"ఏడాది అనుకోండ్రి."

నాంపల్లిలో మా ఇంటి దాకా ఆటోలో ఈల వేసుకుంటూ వచ్చాను. గుమ్మంలోనే అమ్మ ఎదురైంది.

"ఎట్ల మెరుస్తున్నదో చూసినవా బిడ్డా?"

"ఔనమ్మా," అన్నాను.

ఏడాదంటే సరిగ్గా వచ్చే దసరాకు నల్లబడుతుంది. ఇంట్లో చింతపండు ఎక్కడ దాచాలో ఇప్పటినుంచే చూసుకోవాలి.