పరీక్ష అయినంక చూద్దామన్న శనిగ్రహం

సునీతా,

నువ్వు పోయి ఏడాదైనా నీ మీద కోపం పోలేదు. నారాయణగూడలో ఒక మేడ మీద టెలిస్కోపులో చుక్కలు చూపిస్తున్నారు, వెళ్దామంటే "పరీక్ష అయినంక పోదాం తియ్" అనేదానివి. కామెర్లొచ్చినప్పుడు ఆస్పత్రికి రమ్మన్నా అదే మాట. ఆ గవర్నమెంటు ఉద్యోగం పరీక్ష మళ్ళీ వాయిదా పడింది, తెలుసా?

నిన్న సాయంత్రం ఒక్కదాన్నే వెళ్ళాను. నా వంతు రాగానే శనిగ్రహం వైపు తిప్పిన టెలిస్కోపు దగ్గర తల వంచి, మన అశోక్‌నగర్ హాస్టల్లో నువ్వు బట్టీ పట్టించినట్టే వలయాలు, ఉపగ్రహాలు వరసగా వల్లించాను. కళ్ళు మూసుకుని! చూడనే లేదు.

"టైమైంది అక్కా. చూడాల్నంటే మళ్ళ లైన్ల నిలవడాలె" అన్నాడు చూపించేవాడు.

నిలబడ్డాను. ఈసారి ఏదీ వల్లించకుండా కళ్ళు తెరిచి చూశాను.

ఎంత బాగుందో నీకు మాత్రం చెప్పను, పో.