ఐదో నంబరు మిషనుకు కాపలా

జూలూరుపాడు, 4-3-2008

వజ్రధార ఆటోమేషన్ సర్వీసు ఇంజినీరు పుష్పలత మేడం గారికి,
అట్టల మిల్లు ఎలక్ట్రికల్ ఫోర్‌మన్ ముక్తార్ నమస్కరించి రాయునది.

మేము క్షేమం. మీ స్విచ్చి కూడా క్షేమం. అదే, మిషన్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి తీగలు గుచ్చే మీ డబ్బా. నిన్న ఐదో నంబరు మిషను, అంటే అట్టలు ఆరబెట్టేది, పది నిమిషాలు ఆగింది. చూస్తే స్విచ్చిలో దాని తీగ వదులైంది. గట్టిగా నొక్కాను, నడిచింది. ఏం జరిగినా కాగితం మీద తెలపాలని మీ గ్యారంటీ షరతు కాబట్టి తెలుపుతున్నాను. జవాబు అక్కర్లేదు.

ఇట్లు, ముక్తార్

తా.క.: నిజంగానే అక్కర్లేదు.


హైదరాబాద్, 10-3-2008

ముక్తార్ గారికి నమస్కారాలు.

మీ ఫిర్యాదు అందింది. తీగ వదులు కావడమే కారణం అన్నది మీ ఊహ. ఊహల మీద మేము కేసు మూయలేము. ఒక లాప్‌టాప్ పంపుతున్నాను. దాన్ని స్విచ్చికి తగిలించి, రోజుకు రెండుసార్లు తెరిచి, ఏ తీగ మీద ఎన్ని తప్పులు వస్తున్నాయో చూడండి. మిషన్లకు ఉన్నట్టే దానికీ నాలుగు నంబర్ల అడ్రసు ఒకటి ఇవ్వాలి. మొదటి మూడు మీ మిషన్లవే పెట్టండి, చివరిది మీ ఇష్టం. ఒక మనిషిని కూర్చోబెట్టి రిజిస్టరు రాయించండి. కంటితో చూసిందే రాయాలి, అనుకున్నది రాయకూడదు.

ఇట్లు, పుష్పలత

తా.క.: లాప్‌టాప్ మీద టీ గ్లాసు పెట్టవద్దు. అనుభవం మీద చెబుతున్నాను.


జూలూరుపాడు, 19-3-2008

మేడం గారికి నమస్కారాలు.

లాప్‌టాప్ అందింది. దాని దగ్గర బొజ్జయ్యను కూర్చోబెట్టాము. అడవి పక్క గూడెం మనిషి, ఏడో తరగతి చదివాడు, చేతిరాత నాకంటే బాగుంటుంది. మీ రూలు అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. పొద్దున పదింటికి, సాయంత్రం నాలుగింటికి తెరుస్తున్నాడు. ఏం మాయో గానీ, ఏడాదికోసారి ఆగే మిషను ఇప్పుడు రోజుకు రెండుసార్లు ఆగుతోంది.

ఇట్లు, ముక్తార్

తా.క.: మా మిల్లు పద్ధతి ప్రకారం లాప్‌టాప్ మీద తెల్ల పెయింటుతో 5 వేయించాను. ఐదో మిషనుకు వాడే పానా, స్టూలు, టీ గ్లాసు అన్నిటికీ ఐదే. లేకపోతే ఆరో మిషను వాళ్లు ఎత్తుకుపోతారు.


హైదరాబాద్, 26-3-2008

ముక్తార్ గారికి,

నేను అనుమానించినంతా అయింది. పరిస్థితి విషమంగా ఉంది. ఇకనుంచి రోజుకు ఎనిమిదిసార్లు చూడండి.

ఇట్లు, పుష్పలత

తా.క.: అది కంపెనీ లాప్‌టాప్. పెయింటు తుడిపించండి.


జూలూరుపాడు, 4-4-2008

మేడం గారికి నమస్కారాలు.

ఎనిమిదిసార్లు చూశాం. ఎనిమిదిసార్లు ఆగింది. మా మేనేజరు గారు రిజిస్టరు తిరగేసి, ఆగినప్పుడల్లా బొజ్జయ్య అక్కడే ఉన్నాడని కనిపెట్టారు. "వాడే ఏదో గెలుకుతుండు. పదిహేనో తారీఖు దాటితే ఇంటికి పంపుత" అన్నారు. బీడీల తునికాకు కోసే కూలి వదిలి మా మిల్లు పనికి వచ్చిన మనిషి మేడం. ఇంకో నెల ఆగితే పర్మనెంటు అవుతాడు. అతను ఏదీ ముట్టుకోడని నాకు తెలుసు. అదీ ఊహే అంటారేమో మీరు.

ఇట్లు, ముక్తార్

తా.క.: పెయింటు పోలేదు. లాప్‌టాప్ తెరిచినప్పుడల్లా మూలన ఇంగ్లిషులో ఒక చీటీ వస్తోంది, ఈ అడ్రసు ఇంకెవరికో ఉందని. ఉండదా మరి? ఐదో మిషను అడ్రసు చివర ఐదే కదా. పద్ధతి ప్రకారం దీనికీ ఐదే పెట్టాను.


హైదరాబాద్, 8-4-2008 (స్పీడ్ పోస్టు)

ముక్తార్ గారూ!

ముందు ఆ లాప్‌టాప్ మూయండి. మిగతాది తర్వాత చదవండి.

ఒకే ఇంటి నంబరు రెండు ఇళ్లకు ఉంటే పోస్ట్‌మన్ ఏం చేస్తాడు? స్విచ్చి కూడా అంతే. మిషనుకు అందాల్సిన కబుర్లు లాప్‌టాప్‌కు పోతున్నాయి. కబురందక మిషను ఆగిపోతోంది. వాడకంలో లేని నంబరు పెట్టమని చెప్పాల్సింది, "మీ ఇష్టం" అని రాసింది నేను. తప్పు నాదేనని మీ మేనేజరు గారికి రాసిన కాగితం దీంతో జతచేశాను. దయచేసి ఈరోజే ఇవ్వండి. ఆ మనిషి పని పోతే నాకు అన్నం సయించదు.

ఇట్లు, పుష్పలత

తా.క.: మార్చి మూడున మిషను ఎందుకు ఆగిందో కూడా తేలింది. తీగ వదులైంది.


జూలూరుపాడు, 16-4-2008

పుష్పలత మేడం గారికి ముక్తార్ సలాములు.

లాప్‌టాప్ మూసిన దగ్గర్నుంచి మిషను ఒక్కసారి కూడా ఆగలేదు. మేనేజరు గారు మీ కాగితం రెండుసార్లు చదివి, బొజ్జయ్యను పిలిచి, "సరే, పోయి పని చేస్కో" అన్నారు. వారి భాషలో అది క్షమాపణ.

లాప్‌టాప్ వల్లే ఆగిందని తెలిస్తే ఆశ్చర్యపోతాడనుకుని బొజ్జయ్యకు నేనే చెప్పాను. అతను తలూపి, "అవ్ సార్. లాప్‌టాపు తెరిస్తె మిషిను ఆగుతది, మూస్తె నడుస్తది. మొదటి దినమే ఎరికైంది" అన్నాడు.

"మరి చెప్పకపోతివేందయ్యా?"

"చూసిందే రాయాలె, అనుకున్నది రాయొద్దని మీరే చెప్తిరి గద. ఆగింది చూసిన, రాసిన. ఎందుకు ఆగిందనేది నేను అనుకున్నది."

పని పోయేదాకా వచ్చినా రూలు తప్పలేదు మేడం. నాకు చాలా సిగ్గేసింది. అందులో సగం మీకు పంపుతున్నాను.

ఇట్లు, ముక్తార్

తా.క.: రిజిస్టరులో "బొజ్జయ్య అనుకున్నది" అని కొత్తగా ఒక గడి గీశాను. నిన్న అతను అందులో రాసింది ఉన్నదున్నట్టు: "హైదరాబాదు మేడం మంచిదే. లాప్‌టాపు వాపస్ తీస్కపోతె ఇంకా మంచిది."