సర్దిన వంటిల్లు

అమ్మకు,

నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. మీరంతా అక్కడ క్షేమమని నీ ఉత్తరంలో ఉంది. నువ్వు రాశావు కాబట్టి నమ్ముతున్నాను. తమ్ముడు పొద్దున్నే లేచి చదువుతున్నాడన్నావు, కష్టమే అయినా అదీ నమ్ముతున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. తింటున్నాను, వేళకు కాకపోయినా. జుట్టు రాలడం తగ్గలేదు. నాన్న చెప్పిన బ్యాంకు పరీక్షకు దరఖాస్తు పెట్టలేదు. కాలుగాలిన పిల్లిలా రెండు ఉద్యోగాలు మారాను, మూడోదీ వదిలేస్తానేమోనని నీ బెంగ. అది తర్వాత రాస్తాను. ఇక పక్కింటి పిన్నిగారి సందేహం: ఎవరెవరి ఇళ్లకో పోయి కూర్చుని రావడం కూడా ఉద్యోగమేనా అని. ఉద్యోగమేనని చెప్పు. అందులో కూర్చోవడమే కష్టమని కూడా చెప్పు.

సోషల్ వర్కర్ అంటే నలుగురికీ మేలు చేసే మనిషని చదువుకునేటప్పుడు అనుకున్నాను. ఇక్కడ నేర్పేది మేలు చేయడం కాదమ్మా, చూడడం. మా పెద్ద మేడంని చాటుగా డేగమ్మ అంటాం. ఆవిడ కళ్లు అలాంటివి. తలుపు తీయగానే ముందు వాసన చూడమంటుంది. ఇంటివాళ్లు చూపించిన చోటే కూర్చోవాలి. "అన్నం తింటున్నారా?" అని అడగకూడదు, అడిగితే అందరూ తింటున్నామనే అంటారు. "ఇవాళ పొద్దున ఏం తిన్నారు?" అని అడగాలి. చెప్పడానికి ఎంతసేపు తడుముకుంటారో చూడాలి. మందుల డబ్బా, స్నానాలగది గడప, తలగడ మీది మరకలు, మాసిన బట్టల కుప్ప, అన్నీ చూసి ఆ మనిషికి ఏ సాయం కావాలో తేల్చాలి. సాయానికి ఆఫీసులో మనుషులు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. ఒకరికి ఇస్తే ఇంకొకరికి లేదన్నట్టే.

నాకు అప్పగించిన వాళ్లలో ఒక పెద్దావిడ ఉంది. ఒకప్పుడు కోర్టులో టైపిస్టు. ఆవిడ అద్దెకుండే మేడలో అందరూ టైపిస్టమ్మ అనే పిలుస్తారు. ఒంటరి మనిషి. వేళ్లు వంకర్లు పోయాయి గానీ నాలుక మాత్రం కొత్త కత్తి. మొదటిసారి వెళ్లినప్పుడు నా చూపు వంటింటివైపు పోవడం గమనించి, "నన్ను చూడ్డానికొచ్చావా, నా గిన్నెల్ని చూడ్డానికొచ్చావా?" అంది. సింకునిండా గిన్నెలు. పాలగిన్నెలో బూజు. పొద్దుటి మాత్రలూ రాత్రి మాత్రలూ ఒకే గ్లాసులో కలిసి ఉన్నాయి. రోజూ వచ్చి వండిపెట్టి, స్నానం చేయించే ఆయా ఒకరు ఆవిడకి కావాలి. నేను ఆఫీసులో అదే చెప్పాను. ఒకసారి తను చూసి మంజూరు చేస్తానంది డేగమ్మ.

ఆ సంగతి చెబితే టైపిస్టమ్మ మొహం పాలిపోయింది. "మీ మేడం ఈ కొంపను ఇలా చూసిందంటే నన్ను తీసుకెళ్లి ఏ ఆశ్రమంలోనో పడేస్తుంది. నా గది నాకుండనీయవే తల్లీ" అని నా చెయ్యి పట్టుకుంది. అలా చేయరని చెప్పాను, వినలేదు. ఆ వంకర వేళ్లతో మసిగుడ్డ తీసి పొయ్యి తుడవబోయింది. కూర్చుని చూడమ్మా అంటే కూర్చుని చూడగలదా నీ కూతురు?

చున్నీ నడుముకి బిగించి మొదలుపెట్టాను. గిన్నెలు తోమాను. కుళ్లినవన్నీ పారేశాను. మాత్రలు విడదీసి పొద్దుటివో పొట్లం, రాత్రివో పొట్లం కట్టాను. మిగిలిన చెత్తంతా మంచం కిందికి తోసి దుప్పటి నేలదాకా లాగాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో నీకు తెలుసు. మనింటికి చుట్టాలు వస్తున్నారంటే నువ్వు చేసే మొదటి పని అదే కదా.

మర్నాడు డేగమ్మ వచ్చింది. చుట్టూ చూసింది. "వంటిల్లు అద్దంలా పెట్టుకున్నారే" అంది. పొట్లాలు చూసి తలాడించింది. టైపిస్టమ్మ నడుం నిటారుగా పెట్టి, కోర్టులో జడ్జీ ముందు కూర్చున్నట్టు కూర్చుని, అన్ని ప్రశ్నలకూ టకటకా జవాబులు చెప్పింది. మెట్లు దిగుతూ డేగమ్మ నాతో, ఈవిడ తన పని తాను బాగానే చేసుకుంటోంది, ఆయాను కాళ్లు పడిపోయిన మాస్టారింటికి పంపుదాం అంది.

నేను మాట్లాడలేదమ్మా. ఇదే నీకు ఇన్నాళ్లూ రాయనిది. కిందటి ఉత్తరంలో పని బాగా సాగుతోందని రాశానే, అప్పటికే ఇది జరిగింది. నోరు తెరిస్తే నా ఉద్యోగం ఏమవుతుందోనన్న భయం కొంత. టైపిస్టమ్మ పరువు తీసినట్టవుతుందన్నది కొంత. ఏది ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నేనే రోజూ వెళ్లి చూసుకుంటే సరిపోతుందిలే అనుకున్నాను. మిగతా ఇళ్లు ఊరుకుంటాయా?

నేను వెళ్లలేకపోయిన ఒకరోజు టైపిస్టమ్మ స్నానాలగదిలో జారిపడింది. చెంబుతో నేలమీద కొడుతూ ఉంటే కింది వాటాలో కుట్టుమిషను ఆపి దర్జీ విన్నాడు. వినేసరికి ఆవిడ ఎంతసేపటినుంచి కొడుతోందో ఎవరికీ తెలియదు. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రికి వెళ్లి మంచం పక్కన నిలబడ్డాను. డాక్టరు ఇంటికి పంపిస్తానంటున్నాడు, ఇంట్లో ఆయా లేదు. ఆఫీసు లెక్కలో ఆవిడ తన పని తాను చేసుకునే మనిషి. నిజం చెప్పేస్తానన్నాను. ఆవిడ కళ్లు తెరిచింది.

"నోరు మూసుకో. నీ ఉద్యోగం పోతుంది."

"పోతే పోనివ్వండి."

"నీ ఉద్యోగం సంగతి నీ ఖర్మ. నా వంటిల్లు అద్దంలా ఉందంది మీ మేడం. ఎన్నేళ్లకి విన్నానో ఆ మాట. అదొక్కటీ నాకుంచు."

అయినా చెప్పాను. ఆ సాయంత్రమే డేగమ్మ గదిలోకి వెళ్లి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, అంతా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుంది. "నువ్వు గిన్నెలు తోమినందుకు కాదు నా బాధ. నేను తప్పుగా చూస్తుంటే పక్కనే ఉండి చూశావు" అంది. మాస్టారి దగ్గర్నుంచి ఆయాను లాక్కోలేమనీ, ఇంకొకరిని వెతకాలనీ అంది. వెతికింది. టైపిస్టమ్మ ఇంటికి వచ్చేసరికి కొత్త ఆయా తలుపు తీసింది. నేను మాత్రం ఇక ఒంటరిగా ఎవరింటికీ వెళ్లకూడదు. ఉద్యోగంలో ఉంచుతారో లేదో పైవాళ్లు తేల్చాలి. అందుకే, వదిలేస్తానా అని నువ్వడిగినదానికి జవాబు నా చేతిలో లేదు. నా అంతట నేను వదలను.

నిన్న డేగమ్మతో పాటు టైపిస్టమ్మను చూడడానికి వెళ్లాను. డేగమ్మతో మాట్లాడింది. నన్ను చూసి మొహం గోడవైపు తిప్పుకుంది. సింకులో గిన్నెలున్నాయి. ముట్టుకోలేదు. చూపించిన చోట కూర్చున్నాను.

అమ్మా, ఇప్పుడు నీ ఇంటికి వచ్చినట్టు నీ ఉత్తరాన్ని చూస్తున్నాను, కోప్పడకు. నాన్న భుజం నొప్పి పూర్తిగా తగ్గిందని ఒక్క ముక్కలో రాశావు. ప్రతి ఉత్తరం చివరా నాన్న రెండు వాక్యాలు తన చేత్తో రాసేవాడు. ఈసారి ఆ రెండు వాక్యాలూ ఉన్నాయి, చేతిరాత నీది. నాన్న బాగున్నాడా అని నేను అడగను. ఇవాళ పొద్దున చొక్కా ఎవరు తొడిగారో రాయి.

ఈ ఉత్తరం మొదట్లో నేనూ క్షేమమనే రాశాను. అది కొట్టేసి చదువుకో. నువ్వు కూడా ఈసారి దుప్పటి కిందికి లాగకుండా రాయి. నేను సర్దను. కూర్చుని చదువుతాను.

ఇట్లు,
కుదురుగా కూర్చోవడం నేర్చుకుంటున్న
నీ పెద్దకూతురు